హల్దు అని రాసిన కళంబ చెట్టు

చెట్టును చూసి పేరు చెప్పడం నా ఉద్యోగం. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా అడవుల్లో ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశాను. గనికో రోడ్డుకో అడవి పోతున్నప్పుడు అందులో ఏమేం చెట్లున్నాయో రాసేదాన్ని. ఎవరి మీదైనా చెట్టు కొట్టాడని కేసు పడితే, పట్టుకున్న దుంగ ఏ చెట్టుదో చూసి సంతకం పెట్టేదాన్ని. నాన్న బొగ్గు గనిలో పనికని కరీంనగర్ వైపు నుంచి లాల్‌పేట్ వచ్చారు. నేను పుట్టిందీ, మరాఠీ బడిలో చదివిందీ, రిటైరయ్యాక ఉంటున్నదీ ఇక్కడే. తెలుగు రాయడం మాత్రం అమ్మ నేర్పింది.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఆకు ఫొటో తీస్తే ఫోనే పేరు చెబుతోంది కదా, ఇంక మేం నేర్చుకోవాల్సింది ఏముంది అని ఒకమ్మాయి అడిగింది. ఫొటో ఏ ఆకుది తీయాలో ఫోన్ చెప్పదు అన్నాను. ఆ అమ్మాయికి నా మాట సగమే అర్థమైందని గొంతులోనే తెలిసింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆకులు అందని చెట్టు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని శిక్షణకు దక్షిణాదికి, పశ్చిమ కనుమల్లోని వానల అడవికి పంపారు. ఆ అడవి మన అడవిలాంటిది కాదు. అక్కడ చెట్టు మొదట్లో నిలబడి తల ఎంత వెనక్కి వాల్చినా మొదటి కొమ్మ కనిపించదు. మాను ఒక్క తీరుగా పైకి పోయి, ఎక్కడో మిగతా చెట్లన్నిటి పైన గొడుగులా విచ్చుకుంటుంది. ఆకు చేతికి రాదు. పువ్వు కంటికి కూడా రాదు.

మాకు నేర్పే మాస్టారు మలయాళీ. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకరోజు అలాంటి చెట్టు ముందు మా అందరినీ నిలబెట్టి పేరు చెప్పమన్నారు. నేను వంగి కింద పడిన ఆకు ఒకటి తీసి, పుస్తకంలో చదివినదంతా గుర్తు చేసుకుని, గట్టిగా ఒక పేరు చెప్పాను.

"ఈ ఆకు ఈ చెట్టుదని మీకెవరు చెప్పారు?" అని అడిగారాయన.

 అది ఆ చెట్టుకు అల్లుకుని పైకి పాకిన ఒక తీగ ఆకు.

తర్వాత ఆయన ఏం చేశారో చెబుతాను, ఎందుకంటే పని నేర్చుకోవలసిన వరస అదే. ముందు చెట్టు మొదలు చూపించారు. మాను నేలను తాకే చోట గోడల్లా పైకి లేచిన వేళ్లు ఉన్నాయా, ఉంటే ఎంత ఎత్తున ఉన్నాయి. తర్వాత బెరడు. అది బూడిద రంగులో, పచ్చని మచ్చలతో, గుండ్రని పెచ్చులుగా ఊడిపోతోంది. తర్వాత కత్తితో బొటనవేలి గోరంత గాటు పెట్టి, లోపలి రంగు చూపి, వాసన చూడమన్నారు. కాసేపు ఆగమన్నారు. గాటు అంచున సన్నని బొట్లుగా జిగురు ఊరింది. పాత గాయాల దగ్గర అదే జిగురు తెల్లగా గట్టిపడి ఉంది. అప్పుడు గానీ ఆకుల జోలికి పోలేదు. దుర్భిణితో పైనున్న ఆకును చూసి, నేల మీద దానిలాంటిదాన్నే వెతికి తీశారు. ఆకును కలిసే చోట దాని తొడిమ కాస్త ఉబ్బి ఉంది. అది తెల్లడామరు చెట్టు. పేరు ఆయన చివర్లో చెప్పారు, అదీ మేం అడిగితే.

ఆ రోజు నేర్చుకున్నదాన్ని పన్నెండేళ్లు పాటించాను. పదమూడో ఏట మరిచిపోయాను.

మన అడవి ఇచ్చే తిప్పలు

మన దగ్గర చెట్లు అంత ఎత్తు పోవు. ఆకు చేతికి అందుతుంది కాబట్టి పని సులువని బయటివాళ్లు అనుకుంటారు. కానీ ఎండాకాలం వస్తే ఇక్కడి అడవి సగానికి పైగా మోడైపోతుంది. సర్వేలు, కేసులు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే. అప్పుడు చేతిలో మిగిలేది బెరడు ఒక్కటే. సాస్తి వైపు గనుల పక్కన పని పడితే బెరడు కూడా ఉండదు. బొగ్గు దుమ్ము పట్టి టేకు, మద్ది, తునికి అన్నీ ఒకే రంగులో నిలబడి ఉంటాయి. నేను సంచిలో ఎప్పుడూ తడిగుడ్డ ఒకటి పెట్టుకునేదాన్ని. ముందు తుడవాలి, తర్వాతే చూడాలి.

నన్ను పడగొట్టిన చెట్టు గురించి చెప్పేముందు రెండు చెట్ల పోలిక చెప్పాలి. ఒకటి హల్దు, తెలుగులో పసుపుకడప అంటారు. రెండోది కళంబ, అంటే నీటికడప. రెండూ పెద్ద చెట్లే. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, రెండింటికీ చిన్న బంతుల్లాంటి పూలు పూస్తాయి. తేడా ఏమిటంటే, హల్దు ఆకు వెడల్పుగా గుండె ఆకారంలో, పొడుగు తొడిమతో ఉంటుంది. కళంబ ఆకుకు తొడిమ పొట్టి, మొదట్లో గుండెకున్నట్టు నొక్కు ఉండదు. హల్దు చెక్కను అప్పుడే కోస్తే పేరుకు తగ్గట్టే పసుపుపచ్చగా ఉంటుంది. కళంబది పాలిపోయిన గులాబీ రంగు.

చట్టానికి ఈ తేడా పెద్దది. హల్దును సొంత పొలంలో కూడా అనుమతి లేకుండా కొట్టకూడదు. కళంబకు ఆ నిబంధన లేదు. అంటే నేను రాసే ఒక్క మాట మీద ఒక మనిషి రైతో దొంగో తేలిపోతాడు.

లస్మన్న పొలంలో

లస్మన్నది కోర్పనా వైపు ఒక చిన్న ఊరు. తాతల కాలం నుంచి అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఆ ఊరి అడవిని కాపాడే కమిటీలో ఆయన సభ్యుడు. ఏప్రిల్‌లో వచ్చిన గాలిదుమారానికి ఆయన పొలం గట్టు మీది పెద్ద చెట్టు పశువుల కొట్టం మీదికి ఒరిగింది. వేళ్లు లేచిపోయాయి. ఆయన దాన్ని కొట్టించాడు. దుంగలు బండి మీద ఇంటికి తీసుకుపోతుంటే ఎవరో ఫిర్యాదు చేశారు, హల్దు కొట్టాడని. దుంగలను, బండిని జప్తు చేశారు. ఎడ్లను మాత్రం వదిలిపెట్టారు.

మూడు వారాల తర్వాత నన్ను తీసుకెళ్లారు. వెంట మా అధికారి వామన్‌రావు సార్, అడవి వాచర్ జైతు దాదా ఉన్నారు. జైతు దాదా గోండు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆ అడవిలో ఆయనకు తెలియని చెట్టు లేదు.

అక్కడ మిగిలింది మొద్దు ఒక్కటే. కొమ్మలు పొయ్యిల్లోకి పోయాయి. ఎండకు మొద్దు పైభాగం గోధుమ రంగుకు తిరిగింది. చుట్టూ నేల ఊడ్చినట్టుగా ఉంది, కానీ పక్క చాళ్లలో ఎండుటాకులు పేరుకుని ఉన్నాయి. నాలుగైదు తీసి చూశాను. అన్నీ గుండె ఆకారం, పొడుగు తొడిమ.

"హల్దే" అన్నాను.

లస్మన్న అప్పటిదాకా దూరంగా నిలబడి ఉన్నాడు. నేను తెలుగుదాన్నని ఎవరో చెప్పినట్టున్నారు. దగ్గరకు వచ్చి తెలుగులో మాట్లాడాడు.

"హల్దు గాదు మేడమ్, ఇది కళంబ. హల్దు గా ఒర్రె కాడ ఉన్నది, సూడుండ్రి. గా ఆకులు గాలికి గాడికెళ్లే కొట్టుకొస్తయ్. ఈడ ఉన్న ఆకంత నా పెండ్లాం ఊడ్సి కాలవెట్టింది."

ఒర్రె, అంటే చిన్న వాగు, నలభై అడుగుల దూరంలో కూడా లేదు. నేను అటు తిరగలేదు.

ఎందుకు తిరగలేదో చాలా ఏళ్లు నన్ను నేను అడిగాను. ఆ సాయంత్రానికల్లా రిపోర్టు కావాలని సార్ చెప్పారు, అది ఒక కారణం. అసలు కారణం అది కాదు. ఆ మనిషి నాతో తెలుగులో మాట్లాడాడు. మా భాషవాడని నేను మెతకబడ్డానని సార్ అనుకుంటారేమోనని భయం వేసింది. అందుకే అవసరమైన దానికంటే కఠినంగా ఉన్నాను. ఆయన తెలుగులో చెప్పినదానికి మరాఠీలో జవాబిచ్చాను, చెట్టు పేరు తేల్చేది మేము, మీరు కాదు అని. 

అటవీ శాఖ డిపోలో పెట్టిన దుంగలు కూడా చూశాను. పసుపు రంగు లేదు. ఎండకు ముదిరి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. సంచిలో కత్తి ఉంది. ఒక్క పెచ్చు చెక్కి ఉంటే రంగు బయటపడేది. చెక్కలేదు. హల్దు అని రాసి సంతకం పెట్టాను.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది గట్టిగా చెబుతున్నాను. మీరు అనుకున్న పేరుకు సరిపోని గుర్తు ఒక్కటి కనిపించినా, దానికి సాకు వెతకకండి. నాకు ఆ రోజు దొరికిన సాకులన్నీ చదువుకున్నదాన్ని కాబట్టే దొరికాయి. చదువు లేని లస్మన్నకు వాటి అవసరం పడలేదు.

మొద్దు మీది పిలకలు

కేసు నడుస్తూ పోయింది. లస్మన్న వాయిదాలకు తిరిగాడు. బండి డిపోలో ఎండకు ఎండి, వానకు నానింది. ఊళ్లో కమిటీ నుంచి ఆయనను తీసేశారు. అవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడైతే నాకు అది సంతకం పెట్టిన చాలా కాగితాల్లో ఒకటి.

మరుసటి ఏడు వానలు ఆగాక, గడ్‌చాందూర్ దగ్గర ఒక రోడ్డు సర్వేకు వెళుతూ నేను, జైతు దాదా ఆ పొలం గట్టు మీదుగానే నడిచాం. మొద్దు చనిపోలేదు. దాని అంచుల నుంచి పిలకలు లేచి, నా తలను దాటి పెరిగాయి. నిండా ఆకులు.

నేను చూడగానే ఆగిపోయాను. ఆకులకు గుండె ఆకారం లేదు. తొడిమ పొట్టిగా ఉంది. ఒకటి తెంపాను, ఇంకొకటి తెంపాను, పది తెంపాను. ఒక్కటి కూడా హల్దు ఆకు కాదు. తర్వాత ఒర్రె దగ్గరకు నడిచాను. అక్కడ నిండుగా ఆకులతో హల్దు నిలబడి ఉంది. నేను ఆ రోజు చాళ్లలో నుంచి తీసిన ఆకులు ఏ చెట్టువో అడగవలసిన పని లేకపోయింది.

జైతు దాదా గట్టు మీద కూర్చుని తంబాకు నలుపుకుంటున్నాడు.

"దాదా, నీకు గప్పుడే తెలుసా?" అని అడిగాను.

"తెలుసు మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"మీరు పేరు చెప్పేసిండ్రు గద. సాబ్ గూడ పక్కకే ఉండె. మీరు అనేసినంక నేనెట్ల కాదంట?" అన్నాడు. నలిపిన తంబాకు పెదవి కింద పెట్టుకున్నాడు. "నన్ను అడిగితె చెప్తుంటి."

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ తర్వాత నా ఉద్యోగం అయిపోయేదాకా ఏ చెట్టు దగ్గరైనా నేను ఆఖరున నోరు విప్పాను. ముందు వాచర్‌ను అడిగేదాన్ని, తర్వాత పొలం యజమానిని, తర్వాత గార్డును. పైవాళ్లు ముందు మాట్లాడితే కిందివాళ్ల దగ్గరున్న నిజం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

మర్నాడు డిపోకు వెళ్లి ఒక దుంగను గొడ్డలితో చీల్పించాను. లోపల పసుపు లేదు. పాలిపోయిన గులాబీ రంగు, పచ్చి పిలక ఆకుల్లాగే తిరుగు లేని గుర్తు.

వామన్‌రావు సార్ చెప్పింది

వామన్‌రావు సార్ చెడ్డవారు కాదు. మనుషులను తిట్టేవారు కాదు, తన పని ఎవరి మీదికీ తోసేవారు కాదు. నేను ఆకులు, చెక్క ముక్క ఆయన బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు ముక్కను తిప్పి చూశారు.

"కేసు బలంగా లేదు. తనంతట తానే కొట్టుకుపోతుంది. వదిలేయండి" అన్నారు మరాఠీలో.

"ఎప్పటికి సార్?"

"రెండేళ్లు, మూడేళ్లు. చూడండి బాయీ, మన కేసుల్లో సగం మీ సంతకం మీద నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో తప్పు చేశానని మీరే చెబితే, రేపు ప్రతి వకీలూ మిగతావన్నీ తప్పేనా అని అడుగుతాడు. నిజంగా కొట్టినవాళ్లు తప్పించుకుంటారు. అది మీకు సమ్మతమేనా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అది నిజంగానే జరిగింది కూడా. మరుసటి ఏడు బీజా, అంటే వేగిస చెట్టు దుంగలతో పట్టుబడిన ఒకతను, అందులో నా రిపోర్టు సరైనదే అయినా, నా పాత తప్పును చూపించి బయటపడ్డాడు. 

కానీ ఆయన గదిలో నిలబడి ఉన్నప్పుడు నాకు ఒక్కటే తెలుసు. లస్మన్న నాకు ఒర్రె వైపు చెయ్యి చూపించాడు, నేను తల తిప్పలేదు. రెండో రిపోర్టు రాసి సర్కారు వకీలుకు ఇచ్చాను. సార్ దాన్ని ఆపలేదు, పంపనూ లేదు. నేనే తీసుకెళ్లాను.

కోర్టులో బోను ఎక్కి నా రిపోర్టుకు ఎదురుగా నేనే సాక్ష్యం చెప్పాను. జడ్జి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అడిగారు.

"మొదటిసారి దుంగను చెక్కి చూశారా?"

"లేదండీ."

"మీ దగ్గర కత్తి లేదా?"

"ఉంది."

"మరి ఎందుకు చూడలేదు?"

"నాకు తెలుసనుకున్నాను."

ఆయన అది రాసుకున్నారు. తీర్పులో సాక్షి పరిశీలన నిర్లక్ష్యంగా జరిగిందని ఒక వాక్యం ఉంది. లస్మన్న మీద కేసు కొట్టేశారు. నన్ను కొన్నాళ్లు కేసుల పని నుంచి తప్పించారు. అందులో నాకు ఫిర్యాదు లేదు.

పంచాయతీలో

తీర్పు వచ్చిన వారానికి నేను లస్మన్న ఇంటికి వెళ్లాను. ఆఫీసు పని మీద కాదు. ఆయన భార్య రాజుబాయి మంచం వాల్చి నీళ్లిచ్చింది. బండి ఇంటి పక్కన నిలబెట్టి ఉంది. ఒక చక్రం పూర్తిగా ఊడిపోయింది, నొగలు పుచ్చిపోయాయి.

ఈసారి తెలుగులో మాట్లాడాను. తప్పు నాదేనని, మీరు చెప్పింది విని ఉంటే ఇదంతా జరిగేది కాదని అన్నాను. లస్మన్న విన్నాడు. ఏం పర్లేదు అనలేదు. అంటాడేమోనని నాకు లోపల ఎక్కడో ఆశ ఉండి ఉండాలి, ఎందుకంటే అనకపోతే కష్టంగా అనిపించింది.

"కోర్టు కాయిదం నా పెట్టెల ఉన్నది. గది ఎవలు సూస్తరు?" అన్నాడు చివరికి. "కమిటీలకెళ్లి నన్ను తీసేసిన దినం పంచాయతిల అందరి ముంగట నా పేరు సదివిండ్రు. చెట్టు దొంగ అని. నా బిడ్డ ఆడనే ఉండె."

"నేనేం చెయ్యాలె, చెప్పుండ్రి" అన్నాను.

"గట్లనే ఇది గూడ సదవాలె. సర్పంచి గాదు, మీరు."

రాజుబాయి లోపలి నుంచి మెల్లగా అంది. "ఊకోరాదు. పెద్ద మేడమ్‌తోని గట్ల మాట్లాడుతరా?"

"ఊకునుడు అయిపోయింది" అన్నాడు ఆయన.

ఇలాంటివాటికి పై అనుమతి తీసుకోవాలి. నేను తీసుకోలేదు. వాళ్ల గ్రామసభ రోజున బస్సు దిగి, పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు నీడలో పరిచిన టార్పాలిన్ దాటి, సర్పంచ్ పక్కన నిలబడ్డాను. అరవై డెబ్భై మంది ఉన్నారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. వెనక వరసలో గోడకు ఆనుకుని కొందరు. లస్మన్న ముందు వరసలో, తెల్ల టోపీ పెట్టుకుని, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాగితం మీద రాసుకున్నది ముందు మరాఠీలో చదివాను, తర్వాత తెలుగులో చెప్పాను. లస్మన్న కొట్టింది కళంబ. దాన్ని కొట్టడం నేరం కాదు. అది హల్దు అని రాసింది నేను. సరిగ్గా చూడకుండా రాశాను. ఆయన ఆ రోజే నాకు నిజం చెప్పాడు. నేను వినలేదు.

చదవడం అయిపోయింది.  నా చేతిలో కాగితం మడత పెడుతున్నాను. అప్పుడు లస్మన్న తల ఎత్తి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఎన్కకు కూసున్నోళ్లకు ఇనవడలే మేడమ్" అన్నాడు. "మల్ల సదువుండ్రి."

కాగితం మడత విప్పి, ఈసారి గొంతు పెంచి, మొదటి నుంచి చదివాను.